సుత్లీ లెక్క

ఖుద్దూస్ ఉస్తాద్ కండ్లకు టేపు మీది అంకెలు ఆనవు.
సుత్లీతోనే కొలుస్తడు.
సంతోష్‌నగర్‌ల మూడో అంతస్తు, కిటికీలు పెట్టని రూము.
పొడుగు గోడంత ఒక సుత్లీ, పొట్టి గోడంత ఒక సుత్లీ
తెంపి నా చేతిల పెట్టి
"పెద్దదాంట్లకెల్లి చిన్నది తియ్యి" అన్నడు.

తీసిన. నాలుగడుగుల ముక్క మిగిలింది.
"గా ముక్కను చిన్నదాంట్లకెల్లి తియ్యి,
ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు."
రెండుసార్లు పోయింది, ఒక తునక మిగిలింది.
"తునకతోని ముక్కను కొలువు."
సరిగ్గ రెండు. చేతిల ఏం మిగల్లే.
"బస్. ఆఖరి తునకనే నీ టైల్."

నమ్మబుద్ధి కాక టేపు గుంజిన.
గోడలు నూట అరవై ఎనిమిది, నూట ఇరవై ఇంచులు.
తునక ఇరవైనాలుగు.
అటు ఏడు, ఇటు అయిదు, ముప్పై అయిదు టైల్స్.
కట్టర్ సంచిలకెల్లి బయటికే రాలే.

ఆరో తరగతిల విమలా టీచర్
బోర్డు మీద ఇదే సుత్లీని సుద్దముక్కతోని కొలిచేది.
శేషం భాజకమైతది, భాజకం భాజ్యమైతది,
లెక్క మెట్లు మెట్లుగ కిందికి దిగేది.
గ.సా.భా. అంటే నాకు ఏదో మందు పేరు లెక్క వినవడేది.
ఎందుకు దిగుతున్ననో తెల్వక
నేను బడి మెట్లే దిగిన.

పక్క రూముల సుత్లీ ఆగలే.
నలభై ఏడు, ఇరవై ఆరు, ఇరవై ఒకటి, అయిదు,
ఆఖరికి ఒక్క ఇంచు, గోరంత.
ఎవడో ప్లాస్టరు ఇంచు మందం ఎక్కువ కొట్టిండు:
నూట అరవై ఏడు.
ఇంచు పూతకే ఇరవైనాలుగు పోయి ఒకటి మిగిలింది.
ఉస్తాద్ సుత్లీ పారేసి నవ్విండు,
"దీంట్ల టైల్స్ కాదురా, శెనగలు పరవాలె."
పొద్దుమీకెదాంక గోడ చెక్కినం.

ఇగ ఇంటి లెక్క.
ఉస్తాద్ జుమ్మాకు పోతడు, నాకు ఏడు రోజులకొకసారి శుక్రవారం సెలవు.
మలక్‌పేట దవాఖానల సరూపకు నాలుగు నైట్లు, అయిదోది ఆఫ్.
ఇద్దరం ఒకేనాడు ఇంట్ల ఉండేది ముప్పై అయిదు రోజులకు.
మిగిలిన దినాలు ఆమె చెప్పులు ఇడుస్తుంటె
నేను తొడుక్కుంట.
టిఫిన్ డబ్బా మూత మీద చేతులు తగులుతయి.

రాత్రి పండుకుంటె గా రూమే యాదికొస్తది.
ముప్పై అయిదు టైల్స్‌ల నేను నిలువు నడుస్త, ఆమె అడ్డం నడుస్తది.
టీచర్ క.సా.గు. అన్నది ఇదేనేమో,
పేరుల కనిష్ఠం, బతుకుల నెల మీద అయిదు రోజులు.

మొన్న సరూప సూపర్‌వైజర్‌ను అడిగింది,
"నాక్కూడ ఏడో రోజే ఇయ్యుండ్రి సార్."
ఇస్తనన్నడు. ఆదివారం.
సంబురంగ వచ్చి చెప్పింది.
నేను క్యాలెండర్ ముందట కూసున్న, పెన్సిల్‌తోని ఒక్కో గడి కొట్టుకుంట పోయిన.
మార్చి, ఏప్రిల్, మే.
ఆమెది ఏడే, నాది ఏడే,
ఒకలది ఆదివారం, ఒకలది శుక్రవారం.
డిసెంబరు దాటినా ఒక్క గడిల రెండు గీతలు పడలే.

"వద్దు" అన్న. "అయిదే ఉండనీ."
ఆమెకు కోపమొచ్చింది. చాయ్ గిలాస టప్పున పెట్టింది.
ఎట్ల చెప్పాలె?
ఒక్క తీరు అంకెలు పక్కపక్కన నడుచుకుంట
ఒకదాన్నొకటి సూడకుంటనే పోవచ్చు.
అయిదుకు ఏడుకు ఏ పొత్తూ లేదు, ఒక్కటి తప్ప.
గందుకే ఏ వారం మొదలువెట్టినా
ఎక్కడ్నో ఒక్కకాడ గుద్దుకుంటయి.

జేబులకెల్లి రెండు సుత్లీలు తీసి
మా ఇంటి పగిలిన షాబాద్ బండల మీద పరిచిన.
సరూప కొంగు దోపుకొని
వంగి ఒక కొస పట్టుకుంది.
"పెద్దది ఏది?" అన్నది.